రెండు సెకన్ల లెక్క

సినిమాలో పిస్టల్ పేలగానే రౌడీ గాల్లోకి లేచి, వెనకున్న అద్దాల తలుపు బద్దలు కొట్టుకుంటూ అవతల పడతాడు. కాల్చిన హీరో మాత్రం చొక్కా నలగకుండా నిలబడే ఉంటాడు. తొమ్మిదో తరగతిలో న్యూటన్ మూడో సూత్రం చదివిన ఏ పిల్లవాడైనా ఇక్కడ లేచి అడగాలి: తూటా ఎదుటివాణ్ణి ఎంత నెడుతుందో, తుపాకీ కాల్చినవాణ్ణి కూడా కనీసం అంత వెనక్కి నెట్టాలి కదా? రౌడీ ఎగిరిపడేంత దెబ్బే అయితే హీరో కూడా అవతలి గోడకి వెళ్ళి గుద్దుకోవాలి. హీరో నిలబడే ఉన్నాడంటే రౌడీ ఎగరడం అబద్ధమన్నమాట.

థియేటర్లో ఈ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. అలాస్కాలో ఉంది.

అక్కడి సాల్మన్ నదుల్లో చేపలు పట్టేవాళ్ళు, వేటగాళ్ళను వెంటబెట్టుకు తిరిగే గైడ్లు, ఖనిజాల కోసం కొండలు గాలించే జియాలజిస్టులు చాలామంది ఒంటిమీద ఒక చేతి తుపాకీ పెట్టుకునే అడవిలోకి వెళ్తారు. మోంటానా, వయోమింగ్ కొండల్లోనూ ఈ అలవాటు ఉంది. భయం ప్రధానంగా గ్రిజ్లీ గురించే. లోతట్టు కొండల్లోని గ్రిజ్లీ, అలాస్కా తీరంలోని బ్రౌన్ బేర్ ఒకే జాతి ఎలుగుబంట్లు. కొండల్లోని మగది రెండు మూడు వందల కిలోలు తూగితే, కొడియాక్ దీవిలో సాల్మన్ మేసి పెరిగినది ఐదు వందలు దాటిపోతుంది. దానికి ఏ పిస్టల్ పనికొస్తుందని తుపాకుల కొట్లో అడిగితే అరగంట తగవు ఖాయం. .44 మాగ్నమ్ రివాల్వర్ కన్నా చిన్నది పట్టుకెళ్ళడం చావుకి ఎదురెళ్ళడమేనని ఒకరంటారు. ఆరు తూటాలతో ఏం చేస్తావు, పదిహేను పట్టే 10 మి.మీ. పిస్టల్ తీసుకోమని ఇంకొకరంటారు. ఈ తగవులోకి తప్పకుండా వచ్చే పాత జోకు ఒకటుంది: ఏది కొన్నా సరే, గొట్టం చివర గురి చూసే బొడిపెని ముందే అరగదీసి నున్నగా చేయించుకో, ఎలుగు దాన్ని లాక్కుని నీకే దోపినప్పుడు నొప్పి తక్కువగా ఉంటుంది.

జోకులో మోటుదనం ఉన్నా లెక్క తప్పు కాదు. .44 మాగ్నమ్ తూటా బరువు సుమారు 15.5 గ్రాములు, వేగం సెకనుకు 420 మీటర్లు. రెంటినీ గుణిస్తే ద్రవ్యవేగం సెకనుకు ఆరున్నర కిలోగ్రాము-మీటర్లు. 250 కిలోల ఎలుగు సెకనుకు 13 మీటర్ల వేగంతో మీదికి వస్తుంటే దాని ద్రవ్యవేగం 3,250. అంటే తూటా కన్నా ఐదు వందల రెట్లు. ఆ తూటా ఎలుగు ఒంట్లోనే పూర్తిగా ఆగిపోయినా, సెకనుకు 13 మీటర్లు పరిగెత్తే జంతువు వేగంలో రెండున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. అంతే. ఎంత పెద్ద పిస్టలైనా ఎలుగుని గుద్ది ఆపలేదు. వెనక్కి తోయలేదు. పక్కకి మళ్ళించనూ లేదు. అమెరికా తుపాకీ పత్రికలు దశాబ్దాలుగా 'ఆపే శక్తి' అని ఒక మాట వాడుతున్నాయి. చేతి తుపాకీ విషయంలో ఆ మాటకి భౌతికశాస్త్రంలో చోటు లేదు.

మరి తూటా జంతువుని ఆపేది ఎలా? కచ్చితమైన దారులు రెండే. మెదడుకో, మెడ దగ్గరి వెన్నుపాముకో తగిలితే అక్కడికక్కడే కూలుతుంది. లేదంటే గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు చిల్లులు పడి, రక్తపోటు పడిపోయి, మెదడుకి ప్రాణవాయువు అందక కూలుతుంది. ఈ రెండో దారికి టైము పడుతుంది. గుండె పూర్తిగా ఛిద్రమైపోయినా, మెదడులో అప్పటికే ఉన్న ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు పని సాగుతుందని అమెరికా ఎఫ్‌బీఐ 1989లో తన ఏజెంట్ల కోసం తయారుచేసిన పత్రంలో రాసుకుంది. అది మనుషుల గురించి రాసినదే అయినా శరీరధర్మం ఎలుగుకి వేరే కాదు. పది సెకన్లలో ఎలుగు నూట ముప్ఫై మీటర్లు పరిగెత్తగలదు. చచ్చిపోతూ కూడా మనిషిని చంపడానికి కావలసినంత తీరిక దానికి ఉంటుంది.

2010 మే నెలలో అలాస్కాలోని డెనాలి నేషనల్ పార్కులో ఇదే కనిపించింది. ఇద్దరు నడుస్తుండగా పొదల్లోంచి ఒక గ్రిజ్లీ దూసుకొచ్చి వాళ్ళలో ఒకరి మీదికి వెళ్ళింది. రెండో వ్యక్తి దగ్గర .45 పిస్టల్ ఉంది. సుమారు తొమ్మిది సార్లు కాల్చాడు. ఎలుగు ఆగింది, వెనుదిరిగింది, మళ్ళీ పొదల్లోకి నడిచి వెళ్ళిపోయింది. తర్వాత రేంజర్లు వెతికితే కాల్పులు జరిగిన చోటికి ముప్ఫై మీటర్ల దూరంలో చచ్చిపడి ఉంది. మనుషులిద్దరికీ గాయాలు కాలేదు. అది వెనుదిరగడానికి కారణం నొప్పో, చప్పుడో, బెదురో ఎవరూ చెప్పలేరు. తూటాల 'బలం' మాత్రం కాదు.

కాబట్టి ప్రశ్న మారాలి. ఎంత గట్టిగా కొడుతుందన్నది వదిలేసి ఎంత లోతుకి దిగుతుందో చూడాలి. రైఫిల్ తూటా సెకనుకు ఏడెనిమిది వందల మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి దారి పక్కనున్న కండని కూడా సాగదీసి చింపేస్తుంది. పిస్టల్ తూటా వేగం అందులో సగమే. అది పక్కకి నెట్టిన కండ మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తుంది. తూటా తాను స్వయంగా నలిపిన సన్నని దారి ఒక్కటే మిగులుతుంది. ఆ దారి మధ్యలో ఆగిపోతే ఏ ఉపయోగమూ లేదు.

ఈ సంగతి అమెరికాకి అడవిలో కాదు, మయామీ నగరంలో తెలిసొచ్చింది. 1986 ఏప్రిల్ 11న ఇద్దరు బ్యాంకు దొంగలకీ ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ నడివీధిలో కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక ఏజెంటు కాల్చిన 9 మి.మీ. తూటా ఒక దొంగ చేతిలోంచి దూరి, ఛాతీలోకి వెళ్ళి, గుండెకి సుమారు అంగుళం ఇవతల ఆగిపోయింది. ప్రాణం తీసే గాయమే. కానీ ఆ దొంగ వెంటనే పడిపోలేదు. ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. విచారణ తర్వాత ఎఫ్‌బీఐ ఒక కొలత పెట్టుకుంది: కండలాంటి సాంద్రత ఉండే జెలటిన్ దిమ్మలో తూటా కనీసం 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు దిగాలి. అందుకోసం ఎంచుకున్నది 10 మి.మీ. తూటా. ఈ తూటా 1983లో బ్రెన్ టెన్ అనే పిస్టల్ కోసం పుట్టింది, ఆ పిస్టల్ చేసిన కంపెనీ అప్పటికే దివాలా తీసింది.

అయితే పూర్తి బలంతో నింపిన 10 మి.మీ. తూటా తన్నుడు మరీ ఎక్కువనిపించింది. మందు తగ్గించారు. అలా తగ్గించిన దానికి అంత పొడుగు గుల్ల ఎందుకని 1990లో .40 అనే పొట్టి తూటా తయారైంది. పోలీసుల్లో చాలామంది దాని వెంట వెళ్ళిపోయారు. 10 మి.మీ.ని వేటగాళ్ళు, అడవిలో తిరిగేవాళ్ళు పట్టుకున్నారు. నగరంలో మనుషుల కోసం మొదలైన తూటా ఎలుగుల దేశంలో స్థిరపడటం తుపాకుల చరిత్రలో ఒక వింత మలుపు.

ఎలుగు ఛాతీ మనిషి ఛాతీ కాదు. ముందు దట్టమైన బొచ్చు, దాని కింద కొవ్వు, కండ, భుజాల బలమైన ఎముకలు. ఎదురుగా వచ్చే ఎలుగులో గుండె దాకా చేరాలంటే 30 సెంటీమీటర్లు చాలవు. ఇక్కడే తుపాకీ కన్నా తూటా ముఖ్యమవుతుంది. ఇళ్ళల్లో, పోలీసుల దగ్గర వాడే తూటాకి ముక్కు దగ్గర చిన్న గుంట ఉంటుంది. కండలోకి దిగగానే ఆ గుంటలో ఒత్తిడి పెరిగి తూటా పువ్వులా విచ్చుకుంటుంది. వెడల్పు పెరిగి తొందరగా ఆగిపోతుంది. ఒకడికి తగిలిన తూటా వాణ్ణి దాటి గోడ అవతలి మనిషికి తగలకుండా చేసిన ఏర్పాటు అది. అడవిలో ఆ సుగుణమే దోషం. ఎలుగు ప్రాంతాల్లో తిరిగేవాళ్ళు వాడేది గట్టి సీసపు తూటా: సీసంలో యాంటిమొనీ, తగరం కలిపి పోత పోస్తారు, ముక్కు చదునుగా ఉంటుంది, విచ్చుకోదు. చదునైన ముక్కు వల్ల దారి తిన్నగా సాగుతుంది, కండ బాగా నలుగుతుంది. ఇలాంటి తూటా 10 మి.మీ. పిస్టల్లోంచి వెళ్ళినా జెలటిన్‌లో అర మీటరు సునాయాసంగా దాటుతుంది.

తూటా సరైనదైతే పిస్టల్ చిన్నదైనా పని జరగవచ్చనడానికి 2016 నాటి ఘటన ఒకటి అలాస్కాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దశాబ్దాల అనుభవమున్న గైడు ఒకాయన ఇద్దరు అతిథుల్ని చేపల వేటకి తీసుకెళ్తున్నాడు. ఆ రోజు ఆయన దగ్గరున్నది 9 మి.మీ. పిస్టల్. అందులో మాత్రం గట్టి సీసపు తూటాలున్నాయి. దట్టమైన పొదల మధ్య కొద్ది అడుగుల దూరంలో బ్రౌన్ బేర్ మీదికొచ్చింది. ఆయన గబగబా కాల్చాడు, అది పడింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దీన్ని పట్టుకుని 9 మి.మీ. చాలునని వాదించేవాళ్ళు ఒక్క సంగతి మర్చిపోతారు: ఆ పిస్టల్ పట్టుకున్న చేయి ముప్ఫై ఏళ్ళకు పైగా ఎలుగుల మధ్య బతికిన చేయి.

ఇక చెయ్యి గురించే మాట్లాడుకోవాలి. గ్రిజ్లీ గంటకి 55 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదు. సెకనుకి పదిహేను మీటర్లు. పొదల్లోంచి 30 మీటర్ల దూరంలో బయటపడితే ఉన్నవి రెండు సెకన్లు. అది మీదికే వస్తోందని గ్రహించడానికి కొంత పోతుంది. బాగా సాధన చేసినవాడికే ఒరలోంచి పిస్టల్ తీసి, గురి చూసి మొదటి తూటా వదలడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. సాధన లేనివాడి సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలిన టైములో ఇంకో తూటా, అదృష్టముంటే రెండు. లక్ష్యం పైకీ కిందికీ ఊగుతూ వస్తున్న తల. ఎలుగు నుదురు ఏటవాలుగా ఉంటుంది, మెదడు కళ్ళకి వెనక, కిందుగా ఉంటుంది. మనిషి తలకి గురిపెట్టినట్టు నుదుటి పైభాగానికి కాలిస్తే తూటా కండనీ ఎముకనీ చీల్చుకుని మెదడు మీదుగా దాటిపోతుంది. ఎలుగు పుర్రె మీద తూటాలు జారిపోతాయన్న కథలు చాలావరకు ఇలా పుట్టినవే.

ఈ రెండు సెకన్లలో పిస్టల్ తన్నుడే అసలు శత్రువు. దీనికీ లెక్క ఉంది. కిలోన్నరకి కాస్త తక్కువ బరువుండే ఉక్కు .44 రివాల్వర్ పేలినప్పుడు సుమారు 20 జౌళ్ళ శక్తితో వెనక్కి తంతుంది. మామూలు 9 మి.మీ. పిస్టల్‌లో అది ఐదారు జౌళ్ళే. మోయడానికి తేలిగ్గా ఉంటుందని ఏడు వందల గ్రాముల టైటానియం, స్కాండియం రివాల్వర్లు కూడా వచ్చాయి. తూటా అదే, ద్రవ్యవేగం అదే, తుపాకీ బరువు మాత్రం సగం. కాబట్టి తన్నుడు ఇంచుమించు రెట్టింపవుతుంది. అడవిలో రోజంతా మోసేటప్పుడు అర కిలోకి పైగా తగ్గడం సుఖమే. కానీ మొదటి తూటా పేలాక గొట్టం ఆకాశంలోకి లేస్తుంది, మణికట్టు మండుతుంది, రెండోసారి గురి కుదిరేలోపు ఎలుగు వచ్చేస్తుంది. పైగా అలాంటి తుపాకీతో సాధన చేయబుద్ధి కాదు. ఒక డబ్బా తూటాలు కాల్చేసరికి చెయ్యి మొరాయిస్తుంది. కొన్న మొదటి వారం ఆరు తూటాలు కాల్చి, ఆ తర్వాత ఒరలోనే ఉండిపోయిన మహా రివాల్వర్లు అమెరికాలో లెక్కలేనన్ని. 2003లో వచ్చిన .500 మాగ్నమ్ రెండు కిలోలు తూగే యంత్రం, రైఫిల్‌తో పోటీపడే శక్తి దానిది. దాన్ని రెండు సెకన్లలో రెండుసార్లు గురిగా కాల్చగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. దాన్ని ఎలుగు తుపాకీగా అమ్మడం వ్యాపారం, సలహా కాదు.

.44 మాగ్నమ్ కథ కూడా కొంతవరకు ప్రచారమే. ఐడహో రాష్ట్రంలో పశువులు కాసిన ఎల్మర్ కీత్ పాత .44 తూటాలో మందు పెంచుతూ ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల ఫలితంగా 1955లో అది బజారుకి వచ్చింది. 1971లో 'డర్టీ హారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో కనిపించాక కొట్లలో దొరకడం గగనమైంది. అయినా దాని మంచితనం సినిమాది కాదు. బరువైన తూటా, తగినంత వేగం, లోతుగా దిగే దారి. ఉక్కుతో చేసినది తీసుకుని, క్రమం తప్పకుండా సాధన చేసేవాడికి ఈనాటికీ అది సరైన ఎంపికే.

రివాల్వరా, పిస్టలా అన్న తగవు దగ్గర కొంచెం ఆగాలి. రివాల్వర్లో ఆరు తూటాలు, కొన్నిట్లో ఐదే. ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. మళ్ళీ నింపడం ఆ పరిస్థితిలో జరిగే పని కాదు. కానీ ఎలుగు మీద పడ్డాక గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి నొక్కినా పేలుతుంది. పిస్టల్‌ని అలా ఆనిస్తే పై స్లైడు వెనక్కి జరిగి, ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవచ్చు. కింద పడి, మణికట్టు బిగువు లేకుండా కాల్చినా తర్వాతి తూటా ఇరుక్కుపోయే ప్రమాదముంది. దానికి బదులుగా పదిహేను తూటాలు, తేలికైన ట్రిగ్గర్, తక్కువ తన్నుడు ఇస్తుంది. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో కుక్కల బండ్ల మీద తిరిగే డెన్మార్క్ సైనిక దళం సిరియస్ పెట్రోల్ ధృవపు ఎలుగుల కోసం ఎంచుకున్నది గ్లాక్ 20 అనే 10 మి.మీ. పిస్టల్. దానితోపాటు మొదటి ప్రపంచ యుద్ధం నాటి బోల్ట్ రైఫిల్‌నీ వాళ్ళు వదల్లేదు. ఎముకలు కొరికే చలిలో కొత్త యంత్రాలు మొరాయిస్తాయి, అది మొరాయించదు. ఈ జోడీలో పెద్ద పాఠముంది: ఎలుగు వస్తుందని ముందే తెలిస్తే చేతిలో ఉండాల్సింది రైఫిల్. పిస్టల్ ఉన్నది తెలియనప్పటి కోసం.

అంటే పిస్టల్‌కున్న అసలు గొప్పతనం ఒక్కటే. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు కూడా అది ఒంటిమీద ఉంటుంది. రైఫిల్ చెట్టుకి ఆనించి ఉంటుంది, గుడారంలో ఉంటుంది, బండిలో ఉంటుంది. పిస్టల్‌ని కూడా అలా దూరం పెట్టేస్తే ఆ గొప్పతనం కాస్తా పోతుంది. 2018 సెప్టెంబరులో వయోమింగ్‌లోని టీటన్ అడవుల్లో ఒక గైడూ ఆయన వెంట వచ్చిన వేటగాడూ ముందురోజు బాణంతో కొట్టిన ఎల్క్ దుప్పిని వెతికి కోస్తున్నారు. గైడు తన 10 మి.మీ. గ్లాక్‌ని సామాన్లతోపాటు కొద్ది గజాల దూరంలో పెట్టాడు. ఎలుగుల్ని తరమడానికి వాడే మిరపకాయ స్ప్రే డబ్బా మాత్రం నడుముకే ఉంది. ఆడ గ్రిజ్లీ ఒకటి, ఎదిగిన పిల్లతో సహా, వాలు మీంచి పరుగున వచ్చి గైడు మీద పడింది. వేటగాడు పిస్టల్ అందుకున్నాడు గానీ కాల్చలేకపోయాడు. గైడు వైపు విసిరాడు. అది ఆయన చేతికి చేరలేదు. గైడు ఆ పెనుగులాటలోనే స్ప్రే కొట్టగలిగాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన ప్రాణాలు దక్కలేదు.

అందుకే అలాస్కా నదుల్లో నడుము లోతు నీళ్ళలో నిలబడి చేపలు పట్టేవాళ్ళని దగ్గర్నుంచి చూస్తే పిస్టల్ నడుముకి కనబడదు. రబ్బరు ప్యాంటుకి పైన, ఛాతీకి అడ్డంగా తోలు పట్టీతో కట్టిన ఒరలో, పిడి కుడిచేతికి అందేలా ఏటవాలుగా ఉంటుంది. నడుముకి కడితే నీళ్ళలో మునుగుతుంది. వీపు మీది బ్యాగు పట్టీ కింద ఇరుక్కుంటుంది. కొందరు గైడ్లు చేప కోసేటప్పుడు కూడా అది తీయరు. పొలుసులు అంటుకుని తోలు మెరుస్తుంటుంది.

ఇంత చర్చా చేశాక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: తుపాకీ అసలు పనిచేస్తోందా? కెనడా శాస్త్రవేత్త స్టీఫెన్ హెరెరో, అమెరికా శాస్త్రవేత్త టామ్ స్మిత్, వాళ్ళ సహచరులు అలాస్కా రికార్డులు తిరగేశారు. 1883 నుంచి 2009 దాకా తుపాకీ ఉన్నవాళ్ళకి ఎలుగులు ఎదురైన 269 ఘటనలు దొరికాయి. 2012లో ఫలితాలు అచ్చువేశారు. చేతి తుపాకీ వాడిన సందర్భాల్లో 84 శాతం, పొడుగు తుపాకీ వాడిన వాటిలో 76 శాతం ఎలుగుని ఆపగలిగారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ తుపాకీ దగ్గరుండి వాడినవాళ్ళకీ, వాడనివాళ్ళకీ గాయాలపాలయ్యే రేటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టైము చాలక, సేఫ్టీ తీయడం మర్చిపోయి, తూటా ఇరుక్కుని, గురి తప్పి, మనిషీ ఎలుగూ పెనవేసుకుపోయి కాల్చే వీల్లేక విఫలమైన కేసులు బోలెడు. అదే బృందంలోని వాళ్ళు 2008లో మిరపకాయ స్ప్రే మీద చేసిన అధ్యయనంలో 1985–2006 మధ్య అలాస్కాలో జరిగిన 83 ఘటనలున్నాయి. బ్రౌన్ బేర్ విషయంలో 92 శాతం సార్లు స్ప్రే పనిచేసింది. దగ్గర్నుంచి స్ప్రే వాడిన మనుషుల్లో 98 శాతం మందికి ఏ గాయమూ కాలేదు.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయడం తేలిక, న్యాయం కాదు. తుపాకీ రికార్డుల్లో నూరేళ్ళ నాటి ఘటనలు కూడా ఉన్నాయి. గాయపడిన కేసులు కాగితాలకెక్కినట్టుగా, ఒక్క తూటాతో ముగిసిన కేసులు ఎక్కవు. స్ప్రే రికార్డుల్లో మీదికొచ్చిన ఎలుగులతోపాటు గుడారం చుట్టూ వాసన చూస్తూ తిరిగిన ఎలుగులూ ఉన్నాయి. స్ప్రే కూడా మంత్రం కాదు. 2016 అక్టోబరులో మోంటానాలో ఒంటరిగా నడుస్తున్న ఒకాయన పిల్లలతో ఉన్న ఆడ గ్రిజ్లీ మీద స్ప్రే కొట్టినా అది ఆ మబ్బులోంచే దూసుకొచ్చి కరిచింది. వదిలి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ వచ్చి ఇంకోసారి కరిచింది. ఆయన దగ్గర పిస్టల్ కూడా ఉంది, వాడే అవకాశమే రాలేదు. నెత్తురోడుతూ నడిచి వచ్చి బతికాడు.

అయినా సగటు మనిషికి స్ప్రే మేలనడానికి కారణం దాని ఆకారంలోనే ఉంది. తూటా దారి వెడల్పు సెంటీమీటరు. స్ప్రే ఏడెనిమిది మీటర్ల దూరం దాకా వ్యాపించే మబ్బు. వణికే చేతికి ఆ మబ్బు క్షమాగుణం చూపిస్తుంది, తూటా చూపించదు. అందులో ఉన్నది కాప్సైసిన్, గుంటూరు మిర్చి ఘాటుకి కారణమైన అదే పదార్థం, ఒకటి నుంచి రెండు శాతం. కళ్ళలో, ముక్కులో, గొంతులో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని అది తడుతుంది. దాంతో మంట లేకపోయినా మంటలో పడినట్టు మెదడుకి కబురు వెళ్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఎలుగు ముక్కు మన ముక్కు కన్నా ఎన్నో రెట్లు చురుకు. దాని బలమే ఇక్కడ దానికి బలహీనత.

పనిమీద రోజూ ఎలుగుల మధ్య తిరిగేవాళ్ళకి రెండూ కావాలి. వాళ్ళకి సరైన పిస్టల్ ఏదంటే, రెండు సెకన్లలో చిన్న పళ్ళెమంత చోటులో రెండు తూటాలు పెట్టగలిగినంతలో పెద్దది. చాలామందికి అది గట్టి సీసపు తూటాలు నింపిన 10 మి.మీ.; సాధన ఉన్నవాళ్ళకి ఉక్కు .44. పది మీటర్ల దూరంలో కాగితం మీద ఆ రెండు తూటాలు పెట్టలేనివాడు ఇంకా చిన్నదానికి దిగాలి, లేదా స్ప్రేతో సరిపెట్టుకోవాలి. ఏడాదికోసారి యెల్లోస్టోన్ చూడ్డానికి వెళ్ళేవాడికి పిస్టల్ అవసరమే లేదు. ఆ పార్కులో గ్రిజ్లీ వల్ల గాయపడే అవకాశం సుమారు ఇరవై ఏడు లక్షల సందర్శనలకి ఒకటి. 1872లో పార్కు మొదలైనప్పటి నుంచి ఎలుగుల వల్ల చనిపోయినవాళ్ళ కన్నా నీళ్ళలో మునిగి, వేడినీటి బుగ్గల్లో పడి చనిపోయినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ.

కాల్చాక ఏమవుతుందో కూడా కొనేముందే తెలుసుకోవాలి. అలాస్కాలో ఆత్మరక్షణ కోసం ఎలుగుని చంపితే నేరం కాదు. కానీ గోళ్ళతో సహా చర్మం ఒలిచి, పుర్రెతోపాటు ప్రభుత్వానికి అప్పగించాలి, పదిహేను రోజుల్లో వివరాలు రాసివ్వాలి. ప్రాణభయం పేరుతో ఎవరూ ట్రోఫీ సంపాదించుకోకుండా పెట్టిన నిబంధన అది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ అదే తర్కం కనిపిస్తుంది: సదుద్దేశంతో ఆత్మరక్షణకి చంపడం నేరం కాదు, చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో రైతులకి ఎలుగుబంట్లు ఎదురవుతూనే ఉంటాయి, మనుషులు చనిపోయారు కూడా. అక్కడ పిస్టల్ ఎంపిక అన్న ప్రశ్నే పుట్టదు. లైసెన్సు దొరకడం ఒక ఎత్తు, 9 మి.మీ. మన దేశంలో నిషిద్ధ బోరు కావడం ఇంకో ఎత్తు. చేతికర్ర, నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళడం, తెల్లవారుజామున ఒంటరిగా తోటలోకి దిగకపోవడం, వాళ్ళకున్న రక్షణ ఇదే. అందులో గుంపుగా వెళ్ళమన్న మాట అమెరికా పార్కులు కూడా చెప్పేదే.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2010 ఫిబ్రవరి నుంచి అక్కడి నేషనల్ పార్కుల్లోకి రాష్ట్ర చట్టాలకి లోబడి తుపాకీ తీసుకెళ్ళవచ్చు. అయితే హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. స్నేహితుడి పిస్టల్‌ని ట్రెక్‌లో కాసేపు మోసినా చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకున్నట్టే.

బేర్ స్ప్రేకి ఇలాంటి వీసా గొడవ లేదు. కానీ విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ దాన్ని అనుమతించరు. యెల్లోస్టోన్‌కి వెళ్తుంటే బోజ్‌మన్‌లోనో జాక్సన్‌లోనో దిగాక కొనుక్కోండి, డబ్బా మీద గడువు తేదీ చూడండి, పర్సంత చిన్నవి మనుషుల కోసం చేసినవి కాబట్టి అవి వద్దు. యోసెమిటీ పార్కులో మాత్రం బేర్ స్ప్రే నిషేధం, అక్కడికి తీసుకెళ్ళకండి.